కీమో, రేడియేషన్ రోజుల్లో ఏం తినాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

కీమోథెరపీ, రేడియేషన్ జరుగుతున్నవారికి ఇంట్లో వండి పెట్టేవాళ్ల కోసం రాసిన పేజీ ఇది. తిండితో క్యాన్సర్ తగ్గదు, ఆ పని మందులది. ఆ మందుల్ని తట్టుకునేలా ఒంటిని నిలబెట్టేది మాత్రం తిండే. ఈ రోజు ఏ బాధ ఉందో చూసుకుని ఆ ప్రశ్న దగ్గరికి వెళ్లండి. మీ డాక్టరు గానీ డైటీషియన్ గానీ మీ రోగికి వేరేగా చెప్పి ఉంటే వాళ్ల మాటే పాటించండి.

కీమో మొదలైంది. ఏమేం మానిపించాలి? పథ్యం ఎలా ఉండాలి?

పథ్యం పెట్టకండి. జబ్బు అనగానే మన ఇళ్లలో మొదట చేసేది మానిపించడమే. గుడ్డు వేడి, మాంసం అరగదు, పెరుగు జలుబు, పప్పు వాతం, వంకాయ దురద అంటూ ఒక్కొక్కటీ తీసేస్తే చివరికి కంచంలో చారన్నం, బ్రెడ్డు మిగులుతాయి. వాటిలో ప్రోటీన్ చాలా తక్కువ. కీమో మందు క్యాన్సర్ కణాలతో పాటు నోటి లోపలి పొరను, పేగు పొరను, ఎముక మూలుగలో తయారయ్యే రక్తకణాలను కూడా దెబ్బతీస్తుంది. వాటిని ఒళ్లు మళ్లీ కట్టుకోవాలంటే ప్రోటీన్ కావాలి. తిండిలో దొరక్కపోతే సొంత కండను కరిగించుకుని వాడుకుంటుంది. కండ తగ్గిన మనిషికి నీరసం ముదురుతుంది, తర్వాతి సైకిల్ (తర్వాతి విడత కీమో) వాయిదా పడొచ్చు, మందు మోతాదు తగ్గించాల్సి రావచ్చు.

గుడ్డు, చేప, కోడి, పాలు, పెరుగు, పప్పు, ఇదివరకు తిని పడినవన్నీ తినవచ్చు. పూర్తిగా మానాల్సినవి కొన్నే: మద్యం, పొగాకు, సరిగా ఉడకనివి, శుభ్రత తెలియనివి. మిగిలిన మార్పులన్నీ ఆ రోజు బాధను బట్టే. నోరు పూసినప్పుడు కారం తీసేస్తాం, నోరు మానాక మళ్లీ వేస్తాం. విరేచనాలప్పుడు ఆకుకూర ఆపుతాం, తగ్గాక మళ్లీ మొదలుపెడతాం. ఒకసారి ఆపినదాన్ని ఆర్నెల్లు అలాగే ఆపేయడం వల్లే చాలామంది చిక్కిపోతారు.

రోజుకి ఎంత తినాలి?

కిలో బరువుకి 25 నుంచి 30 కేలరీలు, 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్. అంటే 50 కిలోల మనిషికి రోజుకి 1250–1500 కేలరీలు, 60–75 గ్రాముల ప్రోటీన్. కిడ్నీ జబ్బు ఉంటే ప్రోటీన్ ఎంతన్నది డాక్టరే చెప్పాలి.

శాకాహారికి 60 గ్రాములు ఎలా వస్తాయో చూడండి. పాలు, పెరుగు కలిపి అరలీటరు: 16 గ్రాములు. వండక ముందు తూచిన పప్పు 60 గ్రాములు: 13. పనీర్ 50 గ్రాములు: 9. వేరుశనగ గుళ్లు 30 గ్రాములు, అంటే గుప్పెడు: 7. బియ్యం 150 గ్రాములు: 11. ఇవి 56. మిగిలింది ఇడ్లీలోనో రాగిజావలోనో వచ్చేస్తుంది. గుడ్డు తినేవారికి ఒక్కో గుడ్డు 6 గ్రాములు. వండిన కోడిమాంసం 100 గ్రాములు తింటే సుమారు 25.

లెక్క తప్పేది రెండుచోట్ల. ఒకటి పప్పుచారు: పైన తేట వడ్డిస్తే పప్పు గిన్నె అడుగునే ఉండిపోతుంది, కాబట్టి ముద్దపప్పు పెట్టండి. రెండోది చికెన్ సూపు, మటన్ ఎముకల సూపు. బలమంతా నీళ్లలోకి దిగుతుందనుకుని ముక్కలు పక్కన పెడతారు. ప్రోటీన్ ఎక్కువగా ఉండేది ముక్కలోనే. ఆ ముక్కను మెత్తగా చిదిమి, లేదా మిక్సీలో వేసి, సూపులోనే కలపండి.

వారానికోసారి ఒకే కాటా మీద, పొద్దున్నే, బరువు చూసి రాసిపెట్టండి. నెలలో 5 శాతం, అంటే 50 కిలోల మనిషి రెండున్నర కిలోలు, తగ్గితే తర్వాతి అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా చెప్పాలి. కాళ్లలోనో పొట్టలోనో నీరు చేరితే బరువు తగ్గనట్టే కనిపిస్తుంది. అప్పుడు చేతి కండ, భుజాలు చూసి పోల్చుకోండి.

ఆకలే లేదంటున్నారు. బలవంతంగా పెట్టాలా?

బలవంతం చేస్తే తిండి అంటేనే భయం పుడుతుంది. కానీ ఆకలి వేసేదాకా ఆగినా పని జరగదు, ఈ రోజుల్లో ఆకలి రాకపోవచ్చు. మందు వేసుకున్నట్టే గడియారం చూసి పెట్టండి. రెండు రెండున్నర గంటలకోసారి, చిన్న గిన్నెలో, నాలుగైదు ముద్దలు. చాలామందికి పొద్దున కాస్త తినబుద్ధవుతుంది, రోజులో పెద్ద భోజనం అప్పుడే పెట్టేయండి. భోజనంతో పాటు గ్లాసులకొద్దీ నీళ్లు తాగితే కడుపు నిండిపోతుంది, నీళ్లు భోజనానికి భోజనానికి మధ్య ఇవ్వండి.

తక్కువ తిన్నా ఎక్కువ బలం వచ్చేలా ఒక జావ: రెండు పెద్ద చెంచాల రాగిపిండిని ముందు అరకప్పు చన్నీళ్లలో ఉండల్లేకుండా కలపాలి. సన్నసెగ మీద అయిదారు నిమిషాలు ఉడికించి, 200 మి.లీ. కాచిన పాలు పోయాలి. దింపాక రెండు పెద్ద చెంచాల వేయించిన వేరుశనగ పొడి, రెండు పెద్ద చెంచాల పాలపొడి, 15 గ్రాముల బెల్లం, టీ చెంచా నెయ్యి వేసి కలపాలి. ఒక్క గ్లాసులో సుమారు 400 కేలరీలు, 15 గ్రాముల ప్రోటీన్ ఉంటాయి. బెల్లం పాలు మరుగుతుండగా వేస్తే విరుగుతాయి, అందుకే దింపాక. చల్లారితే గట్టిపడుతుంది, పాలు పోసి పలచన చేయండి. వేరుశనగ గుళ్లలో ముడతలు పడ్డవి, చేదుగా ఉన్నవి, బూజు పట్టినవి ఏరి పారేయాలి, వాటిలో కాలేయానికి హాని చేసే విషం ఉండవచ్చు.

వికారం, వాంతులు. నీళ్లు కూడా నిలవడం లేదు.

వాంతి మందు ముందు, తిండి తర్వాత. రాసిచ్చిన మాత్ర వాంతి అయ్యాక వేసుకుంటే ఆ మాత్రే బయటికొచ్చేస్తుంది. డాక్టరు చెప్పిన వేళకి, సాధారణంగా తినడానికి అరగంట ముందు, వేయండి. అది పనిచేయకపోతే ఓర్చుకోనక్కర్లేదు, వేరే రకం మందులున్నాయి, మార్చమని అడగండి.

వాంతి అయిన వెంటనే ఏమీ పెట్టకండి. అరగంట ఆగి, అయిదు పది నిమిషాలకోసారి రెండు చెంచాల నీళ్లు, కొబ్బరినీళ్లు, పల్చటి ఉప్పు మజ్జిగ ఇవ్వండి. అవి నిలిస్తే గంజి, జావ. తర్వాత మరమరాలు, పేలాలు, అటుకులు, ఇడ్లీ, ఉప్పు బిస్కెట్లు. పొద్దున లేస్తూనే వికారం ఉంటే మంచం దిగకముందే ఏదైనా పొడిది రెండు ముక్కలు నమిలిస్తే తేడా తెలుస్తుంది.

వాసన పెద్ద శత్రువు. తాళింపు, ఉల్లిపాయ వేగడం, చేపల పులుసు, కుక్కర్ ఆవిరి, వీటిలో ఏది పడటం లేదో వాళ్లనే అడగండి. వంట వాళ్లు నిద్రలో ఉన్నప్పుడో వేరే గదిలో ఉన్నప్పుడో ముగించి, గిన్నె మూత వంటింట్లోనే తీసి, వేడి తగ్గాక వడ్డించండి. చల్లారిన తిండికి వాసన తక్కువ. పెరుగన్నం, దద్దోజనం చాలామందికి సయించేది అందుకే. అల్లం ముక్క వేసిన టీ, నిమ్మచెక్క వాసన కొందరికి ఉపశమనమిస్తాయి. తిన్నాక గంటసేపు వాల్చకండి, దిండ్లు ఆనించి కూర్చోబెట్టండి.

కీమో రోజున నోటికి రుచిగా ఉంటుందని ఇష్టమైన కూర చేసి తీసుకెళ్లొచ్చా?

వద్దు. గోంగూర మాంసమో గుత్తివంకాయో తిన్న రోజే వాంతులైతే మెదడు ఆ రెంటినీ ముడిపెట్టేస్తుంది. ట్రీట్‌మెంటు అయ్యాక కూడా ఆ కూర చూస్తే కడుపులో తిప్పవచ్చు. ఇష్టమైనవి కాస్త కోలుకున్న వారానికి దాచిపెట్టండి.

నోరంతా ఇనుము చప్పరించినట్టుంది. ఏం పెట్టినా మట్టిలా ఉందంటున్నారు.

స్టీలు చెంచా పక్కన పెట్టి చేత్తో తినమనండి, లేదా చెక్క, ప్లాస్టిక్ చెంచా ఇవ్వండి. కంచం పింగాణీదైతే మేలు. తినే ముందు పుక్కిలించాలి. నోట్లో పుండ్లు లేకపోతే పులుపు బాగా పనిచేస్తుంది: నిమ్మరసం, చింతపండు పులుసు, మామిడికాయ పప్పు, ఉసిరి పచ్చడి. మాంసం చేదుగా అనిపిస్తే పెరుగు, నిమ్మరసంలో గంట నానబెట్టి వండండి. అప్పటికీ పడకపోతే గుడ్డు, పనీర్, పెసరట్టు వైపు మళ్లండి. తీపి ఎక్కువగా తగులుతుంటే చిటికెడు ఉప్పు, కాస్త నిమ్మరసం దాన్ని అణుస్తాయి.

నోరు పూసింది. ఉమ్మి మింగినా మంట.

కీమోలో ఇది సాధారణంగా మందు ఎక్కించిన 5 నుంచి 10 రోజుల్లో మొదలవుతుంది. నోటికీ గొంతుకీ రేడియేషన్ ఇస్తుంటే రెండో మూడో వారంలో వస్తుంది, రేడియేషన్ అయిపోయాక కూడా కొన్ని వారాలుంటుంది.

పుక్కిలించే నీళ్లు: లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో టీ చెంచా ఉప్పు, టీ చెంచా వంట సోడా. బేకింగ్ పౌడర్ వేరు, అది వాడకండి. ఏ రోజుకారోజు కొత్తగా కలపాలి. తినే ముందు, తిన్న తర్వాత, పడుకునే ముందు, రోజుకి ఆరుసార్లయినా అరనిమిషం పుక్కిలించి ఉమ్మేయాలి. ఉప్పు ఎక్కువేస్తే త్వరగా తగ్గుతుందనుకుని రెట్టింపు చేస్తారు, అది పుండును ఇంకా మండిస్తుంది. దుకాణంలో దొరికే ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్‌లూ మంటే. బ్రష్ మెత్తటిది వాడండి.

కారం, ఆవకాయ, చింతపండు, నిమ్మ, టమాటా, వేపుళ్లు, కరకరలాడే జంతికలు, పొగలు కక్కే కాఫీ ఆపండి. గోరువెచ్చగా గానీ చల్లగా గానీ పెట్టండి: మెత్తగా మెదిపిన పెరుగన్నం, నెయ్యి వేసిన పెసరపప్పు కిచిడీ మిక్సీ పట్టింది, సపోటా లేదా అరటిపండు మిల్క్‌షేక్, కస్టర్డ్, సగ్గుబియ్యం పాయసం, పూర్తిగా ఉడికిన గుడ్డును పాలతో చిదిపింది. మంట మరీ ఎక్కువైతే తినే ముందు పూసుకునే మొద్దుబార్చే జెల్ రాయమని డాక్టర్ని అడగండి. నాలుక మీద తెల్లటి పొర మందంగా పేరుకుంటే అది ఫంగస్ కావచ్చు, దానికి మందు కావాలి, తిండితో పోదు.

5-ఫ్లోరోయురాసిల్ అనే మందును కొద్ది నిమిషాల్లో ఎక్కించేసే పద్ధతిలో, ఎక్కించడానికి అయిదు నిమిషాల ముందు నుంచి అరగంటసేపు ఐసు ముక్కలు చప్పరిస్తే పుండ్లు తగ్గుతాయి. చలికి నోటి రక్తనాళాలు ముడుచుకుని మందు అక్కడికి తక్కువగా చేరుతుంది. ముందుగా నర్సును అడగండి, ఎందుకంటే దానితో పాటు ఆక్సాలిప్లాటిన్ అనే మందు కూడా ఇస్తుంటే ఐసు పనికిరాదు.

ఆక్సాలిప్లాటిన్ ఎక్కించారు. చల్లటివి ఎందుకు వద్దంటున్నారు?

ఆ మందు నరాలను చలికి అతిసున్నితంగా చేస్తుంది. ఫ్రిజ్ నీళ్లు తాగితే గొంతు బిగిసినట్టు, ఊపిరాడనట్టు అనిపిస్తుంది. ఎక్కించాక కనీసం అయిదు రోజులు గోరువెచ్చటి నీళ్లు, వేడి తగ్గిన తిండి మాత్రమే ఇవ్వండి. పెరుగు కూడా ఫ్రిజ్‌లోంచి తీసి గంట బయట ఉంచాకే పెట్టాలి. ఫ్రిజ్‌లో చెయ్యి పెట్టే పని కూడా ఇంకెవరైనా చేయాలి.

గొంతుకి రేడియేషన్. నోరు ఎండిపోయింది, ముద్ద దిగడం లేదు.

లాలాజల గ్రంథులు దెబ్బతినడం వల్ల ఇలా అవుతుంది. ప్రతి ముద్దనూ తడిగా చేయాలి: పులుసు, చారు, మజ్జిగ పులుసు, నెయ్యి. పక్కన నీళ్ల సీసా ఎప్పుడూ ఉండాలి, గుటక గుటకగా తాగాలి. లాలాజలం లేకపోతే పళ్లు త్వరగా పుచ్చిపోతాయి, కాబట్టి ఫ్లోరైడ్ పేస్టు రోజుకి రెండుసార్లు వాడాలి, తీపి బిళ్లలు చప్పరిస్తూ ఉండకూడదు.

మింగేటప్పుడు దగ్గు వస్తోందంటే తిండి ఊపిరితిత్తుల్లోకి పోతూ ఉండవచ్చు. పల్చటి నీళ్లే ఎక్కువ ప్రమాదం, చిక్కటివి కొంత మేలు. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి వంచి, చిన్న గుటకలు ఇవ్వండి. ఆ రోజే డాక్టరుకు చెప్పండి.

ముక్కు గొట్టం (ముక్కులోంచి కడుపులోకి జావ లాంటివి పోసే గొట్టం) పెడతామంటే భయపడి వాయిదా వేయకండి. గుట్కా, ఖైనీ వల్ల వచ్చే నోటి క్యాన్సర్లలోను, ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ (చుట్ట వెలిగిన కొసను నోట్లో పెట్టుకుని) తాగే ఆడవాళ్లకు వచ్చే అంగుటి క్యాన్సర్లలోను ఈ గొట్టం చాలామందికి అవసరమవుతుంది. మింగలేని నాలుగైదు వారాలు గట్టెక్కించేది అదే. ఒక్కోసారి 200–250 మి.లీ., రెండు మూడు గంటలకోసారి. తల వైపు 45 డిగ్రీల ఎత్తు, పోసాక కూడా అరగంట అలాగే. పోసే ముందు ముక్కు దగ్గర గొట్టం మీది గుర్తు కదిలిందేమో చూడాలి, కదిలితే పోయకూడదు. సిరంజి పిస్టన్‌తో నెట్టకుండా పైకెత్తి దానంతటదే దిగేలా వదలాలి. ముందు, తర్వాత 30 మి.లీ. కాచి చల్లార్చిన నీళ్లు పోయాలి. గొట్టం మూసుకుపోవడానికి ముఖ్య కారణం వడకట్టని జావ, ఆ తర్వాత నీళ్లు పోయకపోవడం. జావ పలుచటి బట్టలో వడకట్టండి, కలిపిన రెండు గంటల్లో వాడేయండి.

విరేచనాలు ఆగడం లేదు.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి పొత్తికడుపు రేడియేషన్ ఇస్తున్నప్పుడు రెండు మూడు వారాలకు ఇది దాదాపు అందరిలో ఎంతో కొంత కనిపిస్తుంది. పాలు కొన్నాళ్లు ఆపండి, పేగు పొర దెబ్బతింటే పాలలోని చక్కెర అరగదు. పెరుగు, మజ్జిగ చాలామందికి పడతాయి. ఉప్పేసిన గంజి, సగ్గుబియ్యం జావ, మెత్తటి అన్నంలో పెసరకట్టు, అరటిపండు, ఉడికించిన ఆపిల్, బంగాళాదుంప, ఉడికించిన గుడ్డు పెట్టండి. ఆకుకూరలు, జొన్నరొట్టె, పచ్చి కూరలు, వేపుళ్లు, కాఫీ తగ్గేదాకా వద్దు.

పోయిన నీటికి ఓఆర్ఎస్ తాగించాలి. పాకెట్ మీద ఎంత నీళ్లో రాసి ఉంటుంది, పెద్దది లీటరుకి, చిన్నది 200 మి.లీ.కి. సగం పాకెట్ గ్లాసులో అంచనాగా కలపడం తప్పు, ఉప్పు ఎక్కువైపోతుంది. పాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచా అంచుకి సమానంగా కొలిచి వేయాలి. పేరులో ఓఆర్ఎస్ పెట్టుకుని చక్కెర ఎక్కువున్న డబ్బా పానీయాలు కొన్నాళ్లు మార్కెట్లో తిరిగాయి. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడకాన్ని ఆపింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని రాసి ఉన్న పొడినే మందుల షాపులో అడగండి.

మామూలుకంటే రోజుకి నాలుగు సార్లు ఎక్కువైనా, రక్తం పడినా, మూత్రం తగ్గినా ఫోన్ చేయాలి. ఆపే మాత్రలు సొంతంగా వేయకండి.

మలబద్ధకానికి?

వాంతి తగ్గించే ఒండాన్‌సెట్రాన్, నొప్పికిచ్చే మార్ఫిన్, ట్రమడాల్, కీమో మందుల్లో విన్‌క్రిస్టిన్, ఇవన్నీ బిగిస్తాయి. రెండు లీటర్ల దాకా ద్రవాలు, బొప్పాయి, జామ, రాత్రి నానబెట్టిన పది పదిహేను ఎండుద్రాక్షలు, తోటకూర, పొద్దున గోరువెచ్చటి నీళ్లు, ఇంట్లో కాస్త నడక. మార్ఫిన్ వాడుతుంటే తిండి ఒక్కటే చాలదు, విరేచనం మందు కూడా రాయించుకోవాలి. ఇసబ్‌గోల్ వేస్తే నిండు గ్లాసు నీళ్లతో వేయాలి, లేకపోతే అదే గడ్డకట్టి అడ్డుపడుతుంది. తెల్లకణాలు తక్కువున్నప్పుడు ఎనిమా వద్దు. పొట్ట ఉబ్బి, గాలి కూడా పోకుండా వాంతులవుతుంటే ఏ మందూ వేయకుండా ఆస్పత్రికి వెళ్లండి.

తెల్లకణాలు తగ్గాయన్నారు. పచ్చివన్నీ ఆపేయాలా? చద్దన్నం, తీర్థం, బయటి తిండి?

చాలా కీమోలలో 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. పళ్లు, కూరలు మొత్తం నిషేధించే కఠిన పద్ధతి ఇన్‌ఫెక్షన్లను తగ్గించలేదని పరీక్షల్లో తేలింది. శుభ్రంగా వండటమే అసలు రక్షణ. ఇంట్లో కడిగి తొక్క తీసిన అరటి, బత్తాయి, బొప్పాయి నిశ్చింతగా పెట్టవచ్చు. మూలుగ మార్పిడి జరిగినవారికి మాత్రం ఆస్పత్రి నియమాలు వేరు.

చద్దన్నం ఈ రోజుల్లో వద్దు. అన్నంలో వేడికి చావని ఒక రకం బాక్టీరియా బీజాలుంటాయి, గదిలో గంటలకొద్దీ ఉంచితే అవి పెరిగి విషం వదులుతాయి, వేడిచేసినా ఆ విషం పోదు. పొద్దున వండిన పులిహోర సాయంత్రం పెట్టడం కూడా అంతే. వండిన రెండు గంటల్లోపు తినాలి, లేదా ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు పొగలు వచ్చేదాకా వేడి చేయాలి. పానీపూరీ, బండి మీద కోసిన పళ్లు, ఐసు వేసిన చెరకురసం, హోటల్ కొబ్బరి చట్నీ, హాఫ్‌బాయిల్ గుడ్డు ఆపండి. పాలు కాచి తాగాలి, ఆ పాలతో ఇంట్లో తోడుపెట్టిన తాజా పెరుగు తినవచ్చు. గుడి తీర్థం కళ్లకద్దుకుని తల మీద చల్లుకుంటే చాలు, ఆ నీళ్లు ఎక్కడివో, ఎన్ని చేతులు తగిలాయో తెలియదు.

చక్కెర తింటే క్యాన్సర్ పెరుగుతుందట కదా?

ఒంట్లో ప్రతి కణమూ గ్లూకోజు వాడుకుంటుంది. చక్కెర మానేస్తే గడ్డ ఆకలితో చావదు, అన్నం నుంచీ కండ నుంచీ కూడా గ్లూకోజు తయారవుతూనే ఉంటుంది. చిక్కిపోతున్న మనిషి జావలో బెల్లం తీసేయకండి. మధుమేహం ఉన్నవారి సంగతి వేరు: కీమోతో ఇచ్చే డెక్సామెథసోన్ అనే స్టీరాయిడ్ మందు షుగరును పెంచేస్తుంది, ఆ రెండు మూడు రోజులు తరచుగా పరీక్షించి మందు సర్దించుకోవాలి. రొమ్ము క్యాన్సర్ చికిత్సలో కొందరు బరువు పెరుగుతారు, వాళ్లకి నెయ్యి, బెల్లం ఎక్కువేసే ఈ సలహాలు వర్తించవు, ప్రోటీన్ లెక్క మాత్రం వర్తిస్తుంది.

రక్తం పట్టడానికి బీట్‌రూట్ రసం, ప్లేట్‌లెట్లకు బొప్పాయి ఆకు రసం?

కీమోలో రక్తం తగ్గేది ప్రధానంగా మూలుగ అలసిపోవడం వల్ల. బీట్‌రూట్‌లో ఐరన్ కొద్దిగానే ఉంటుంది, ఎర్రగా ఉన్నంత మాత్రాన రక్తం కాదు. తాగితే నష్టం లేదు గానీ పాలో గుడ్డో మానేసి తాగితే నష్టమే. పచ్చి ఆకుల రసాలు, గోధుమగడ్డి రసం ఉడకనివి, తెల్లకణాలు తక్కువున్నప్పుడు సూక్ష్మక్రిములను తెచ్చిపెడతాయి. లక్ష్మణఫలం ఆకుల కషాయం క్యాన్సర్‌ను తగ్గిస్తుందని మనుషుల్లో రుజువు కాలేదు. కూరలో పసుపు ఎప్పటిలాగే వేయండి, పసుపు సారం క్యాప్సూళ్లు మాత్రం వద్దు, వాటి వల్ల కాలేయం దెబ్బతిన్నవాళ్లున్నారు. ఇప్పటికే ఏదైనా వాడుతుంటే డాక్టరు దగ్గర దాచకండి.

మాత్రలకీ తిండికీ సంబంధం ఉందా?

ఉంది, తప్పితే మందు పనే మారిపోతుంది. కెపెసిటబిన్ తిన్న అరగంటలోపు. ఇమాటినిబ్ భోజనంతో, పెద్ద గ్లాసు నీళ్లతో. అబిరాటెరోన్, నిలోటినిబ్ ఖాళీ కడుపున: తిన్న రెండు గంటలకు వేసి, ఆ తర్వాత గంటదాకా ఏమీ తినకూడదు. పంపరపనస గ్రేప్‌ఫ్రూట్ జాతిదే, కొన్ని మందులను ఒంట్లో పేరుకునేలా చేస్తుంది. క్యాన్సర్ మాత్రలు వాడుతున్నన్నాళ్లూ దాన్ని పక్కన పెట్టండి, బత్తాయి, కమలా తినవచ్చు.

ఏ పరిస్థితిలో ఇక ఇంట్లో ప్రయత్నించకూడదు?

జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే, అర్ధరాత్రయినా సరే. పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా చూడకండి, తెల్లకణాలు లేని ఒంట్లో ఇన్‌ఫెక్షన్ గంటల్లో ముదురుతుంది. రోజంతా నీళ్లు నిలవకపోయినా, ఎనిమిది గంటలు మూత్రం రాకపోయినా, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నా అంతే. వెళ్లేటప్పుడు ఆఖరి కీమో తేదీ, మందుల చీటీ, ఈ మూడు రోజుల్లో ఏం తిన్నారో రాసిన కాగితం తీసుకెళ్లండి.

ట్రీట్‌మెంటు అయిపోయాక నోటి రుచి ఎప్పుడొస్తుంది?

కీమో తర్వాత చాలామందికి కొన్ని వారాల నుంచి మూడు నాలుగు నెలల్లో తిరిగొస్తుంది, ఒక్కసారిగా కాకుండా ఒక్కో రుచీ వస్తుంది. తల, మెడ రేడియేషన్ తర్వాత ఏడాది దాకా పట్టవచ్చు, నోరు ఎండటం కొందరికి ఉండిపోతుంది. ఇష్టం లేదని పక్కనపెట్టిన కూరను రెండు వారాలకోసారి ఒక్క ముద్ద పెట్టి చూడండి. కారం చిటికెడుతో మొదలుపెట్టి, మంట లేకపోతేనే పెంచండి.